ఆ ఫైలు మనమూ చదవాలి

మన ఇళ్ళల్లో పొలం దస్తావేజులు, ఇంటిపన్ను రసీదులు, పిల్లల సర్టిఫికెట్లు దాచే బీరువా అరలోకి ఈ ఇరవై ఏళ్ళలో కొత్తగా ఒక ఫైలు వచ్చి చేరింది. ఫారిన్ చదువు ఫైలు. జిప్పున్న ప్లాస్టిక్ ఫోల్డరు. బీటెక్ మూడో ఏడాదిలో ఉండగానే కొంటారు దాన్ని. మార్కుల లిస్టులు, పాస్‌పోర్టు, జీఆర్‌ఈ స్కోరు, బ్యాంకు కాగితాలు ఒక్కొక్కటీ అందులో చేరుతూ ఉంటాయి. శుక్రవారం పూట ఆ ఫైలుకి కాస్త పసుపూ కుంకుమా పెట్టి దేవుడి దగ్గర ఉంచే తల్లులు నాకు తెలుసు. చిలుకూరు బాలాజీకి మొక్కుకుని, గుడి చుట్టూ 11 ప్రదక్షిణాలూ, వీసా వచ్చాక 108 ప్రదక్షిణాలూ పిల్లల చేత దగ్గరుండి చేయించే తల్లులూ తెలుసు. ఆ ఫైలు విప్పి మొదటి కాగితం నుంచి చివరి కాగితం దాకా చదివిన తల్లులు ఎంతమంది అంటే మాత్రం లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్ళు ఎక్కువే.

"మనకేం తెలుస్తుందమ్మా, అదంతా ఇంగ్లీషు. వాళ్ళ నాన్న చూసుకుంటారు, కన్సల్టెన్సీ వాళ్ళు చూసుకుంటారు" అంటారు. ఈ మాట అనేవాళ్ళలో డిగ్రీ చదివినవాళ్ళూ ఉన్నారు. చీటీపాట లెక్కలు కాగితం లేకుండా నోటితో చెప్పగలిగేవాళ్ళూ ఉన్నారు.

ఇదేదో నలుగురైదుగురి గొడవ కాదు. 2023-24 విద్యా సంవత్సరంలో అమెరికాలో మన దేశం నుంచి వెళ్ళి చదువుతున్నవాళ్ళు 3,31,602 మంది అని ఓపెన్ డోర్స్ నివేదిక లెక్క తేల్చింది. చైనాని దాటి మొదటి స్థానంలోకి వచ్చాం. వాళ్ళలో సగానికి మించి మన రెండు తెలుగు రాష్ట్రాల పిల్లలేనట. అంటే లక్షకి పైగా ఇళ్ళల్లో ఇలాంటి ఫైళ్ళు ఉన్నాయన్నమాట. లక్షమందికి పైగా తల్లుల సంగతి ఇది.

తల్లులకేం సంబంధం అంటారా? సంతకం ఉంది కదండీ! చదువు లోను పిల్లల పేరు మీద ఒక్కటే ఇవ్వరు. తల్లో తండ్రో పక్కన సంతకం చేయాలి. పెద్ద మొత్తమైతే ఇల్లో స్థలమో తాకట్టు పెట్టాలి. పుట్టింటివాళ్ళు పసుపుకుంకుమల కింద ఇచ్చిన స్థలం, మొగుడి జీతంలో మిగిల్చి ఆడవాళ్ళ పేరు మీద కొన్న ఫ్లాటు, ఇలాంటప్పుడే బయటికొస్తాయి. బ్యాంకులో "అమ్మా, ఇక్కడ ఒకటి, ఇక్కడ ఒకటి, వెనక పేజీలో ఇంకొకటి" అని పెన్సిల్‌తో ఇంటూ గుర్తులు పెట్టి చూపిస్తారు. ఇంటూ ఉన్నచోటల్లా మనం చక్కగా తెలుగులో సంతకం పెట్టేస్తాం. ఆ సంతకంతో అప్పు తీర్చే బాధ్యత పిల్లలతో సమానంగా మన మెడకీ పడింది. వడ్డీ ఎంత, అది చదువుకునే రోజుల్లోనూ పెరుగుతుందా, కంతులు ఎప్పటినుంచి మొదలు, ఉద్యోగం రాకపోతే ఏమిటి... ఈ నాలుగు ప్రశ్నలూ అడిగాకే పెన్ను మూత తియ్యమంటాను. కూరగాయలవాడి దగ్గర పావు కిలోకి అన్ని ప్రశ్నలు వేసే మనకి నలభై లక్షల దగ్గర నోరెందుకు పెగలదో నాకర్థం కాదు. అన్నట్టు, స్టేట్ బ్యాంకు లాంటి చోట్ల ఆడపిల్లల చదువు లోనుకి వడ్డీలో అర శాతం తగ్గింపు ఉంది. అడిగితేనే చెప్తారు కొన్నిచోట్ల.

నాకీ ఫైలు పరిచయం కావడం ఒక విచిత్రం. మా అక్క కూతురు సివిల్ ఇంజినీరింగు చదివింది. 2023 చివర్లో అక్క ఫోన్ చేసి, "నువ్వెలాగూ కథలు రాస్తావుగా, దీనికి ఎస్ఓపీయో ఏదో కావాలిట, నువ్వే రాసిపెట్టు" అంది. ఎస్ఓపీ అంటే నేనెందుకు ఈ చదువు చదవాలనుకుంటున్నానో యూనివర్సిటీ వాళ్ళకి పిల్లలు తమ మాటల్లో చెప్పుకునే వ్యాసం. కన్సల్టెన్సీ వాళ్ళు అప్పటికే ఒకటి తయారుచేసి ఇచ్చారు. చిన్నప్పటి నుంచీ కంప్యూటర్లంటే తనకి ఎనలేని మక్కువ అని మొదలైంది అది. సివిల్ అమ్మాయికి! వాళ్ళ దగ్గర ఒక అచ్చు ఉంటుంది, పేరు మార్చి అందరికీ అదే ఇస్తారు. ముందు చదువుకున్న పిల్లవాడి మక్కువ ఈ పిల్లకి అంటగట్టారు.

నేను రాయనన్నాను. కథలు రాసేదాన్ని కాబట్టే రాయనన్నాను. దాన్నే మూడు సాయంత్రాలు ఎదురుగా కూచోబెట్టుకుని అడిగాను. అంతా విని చివరికి అది చెప్పిందేమిటో తెలుసా? వాళ్ళ నానమ్మగారి ఊరు కనిగిరి పక్కన. ఆ ప్రాంతమంతా నీళ్ళలో ఫ్లోరైడు. చిన్నప్పుడు సెలవులకి వెళితే నానమ్మ వంగిపోయిన నడుముతో, బిగుసుకుపోయిన మోకాళ్ళతో గుమ్మం దిగడానికి పడే అవస్థ, పిల్లల పళ్ళ మీద గోధుమరంగు చారలు అది చూసింది. ఆ నీళ్ళని తక్కువ ఖర్చులో శుభ్రం చేసే పద్ధతుల మీద ఫైనలియర్లో ప్రాజెక్టు చేసింది. "మరి ఇది రాయవేమే?" అంటే "ఇలాంటివి రాస్తారా పిన్నీ? ఇది మన ఇంటి విషయం కదా!" అంది. ఇంటి విషయమే రాసింది చివరికి. కామాలు, ఫుల్‌స్టాపులు మాత్రం నేను దిద్దాను.

మిగతా కాగితాలు అంత కష్టమేమీ కాదు, ఓపిక కావాలంతే. కాలేజీ పరీక్షల విభాగం నుంచి మార్కుల ట్రాన్స్‌క్రిప్టులు తెచ్చుకోవడం, ఇంగ్లీషు పరీక్ష రాయడం, ముగ్గురు మేష్టార్ల చేత సిఫారసు ఉత్తరాలు పంపించడం. ఈ చివరిది కాస్త ఇబ్బంది. "నువ్వే రాసుకురా, సంతకం పెడతాను" అంటారు కొందరు మేష్టార్లు. అలాంటి ఉత్తరాల్లో అందరు పిల్లలూ ఒకేలా అద్భుతంగా ఉంటారు. ప్రాజెక్టు చేయించిన మేష్టారు తను చూసిన ఒక్క సంగతి రాసినా చాలు, మిగతా పొగడ్తలక్కర్లేదు. ప్రతి దరఖాస్తుకీ విడిగా ఫీజు కట్టాలి కాబట్టి పదిహేను చోట్లకి వేసే బదులు ఆరేడు చోట్లు బాగా చూసుకుని వెయ్యడం మేలు.

ఉచితంగా సేవ చేస్తామనే కన్సల్టెన్సీల గురించి ఒక మాట. వాళ్ళకి ఆదాయం ఎక్కడినుంచి వస్తుందని ఆలోచించారా? చాలా యూనివర్సిటీలు చేరిన ప్రతి విద్యార్థికీ ఇంత అని వాళ్ళకి కమిషను ఇస్తాయి. అందులో చట్టవిరుద్ధమేమీ లేదు. కానీ మన అమ్మాయికి ఏది మంచిది అన్న ప్రశ్నకి వాళ్ళిచ్చే జవాబులో ఆ కమిషను కూడా కలిసే ఉంటుంది. పెళ్ళిళ్ళ పేరయ్య చెప్పిన సంబంధాన్ని మనం పది చోట్ల వాకబు చేయకుండా ఖాయం చేసుకుంటామా?

వాళ్ళు చెప్పని విషయం ఇంకోటుంది. ఇది తెలిసినప్పుడు నాకే ఆశ్చర్యం వేసింది. అమెరికాలో ఎంఎస్ అంటే ఎక్కువమంది చేతి డబ్బు పెట్టుకుని చదివేది. పీహెచ్‌డీ అలా కాదు. సైన్సు, ఇంజినీరింగుల్లో పీహెచ్‌డీకి తీసుకుంటే ఎక్కువ చోట్ల ఫీజు మాఫీ చేసి, నెలనెలా బతకడానికి స్టయిపెండు ఇస్తారు. క్లాసులకి సాయం చేయడమో, ప్రొఫెసరు పరిశోధనలో పనిచేయడమో అందుకు బదులు. బీటెక్‌తోనే నేరుగా తీసుకునే యూనివర్సిటీలూ ఉన్నాయి. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ, నిజమే. 2025లో అక్కడి ప్రభుత్వం పరిశోధన నిధులు కోసేయడంతో కొన్ని యూనివర్సిటీలు పీహెచ్‌డీ సీట్లు తగ్గించుకున్నాయి కూడా. అయినా ఇల్లు తాకట్టు పెట్టకుండా వెళ్ళే దారి ఒకటుందని తెలియాలి కదా!

మా అక్క కూతురికి రెండు చోట్ల నుంచి కబురొచ్చింది. ఒకటి సొంత ఖర్చుతో ఎంఎస్. ఇంకొకటి స్టయిపెండుతో పీహెచ్‌డీ. ఇంట్లో ఏం జరిగి ఉంటుందో మీరే ఊహించండి. "పీహెచ్‌డీయా? అయిదేళ్ళా? మరి పెళ్ళెప్పుడు?" అన్నారు మా బావగారి అక్కగారు. నలభై లక్షల అప్పు చేసి రెండేళ్ళలో ముగించడం అందరికీ నచ్చింది. రూపాయి అప్పు లేకుండా అయిదేళ్ళు చదవడం ఎవరికీ నచ్చలేదు. అప్పుకన్నా ఆడపిల్ల వయసు పెద్ద బరువు మన లెక్కల్లో!

పైగా కన్సల్టెన్సీ వాళ్ళు రెండు రోజుల్లో ఎంఎస్ సీటుకి డిపాజిట్ కట్టకపోతే సీటు పోతుందని తొందరపెట్టారు. అప్పుడు ఫైలు విప్పి ఉత్తరం మళ్ళీ చదివితే ఆ యూనివర్సిటీ ఇచ్చిన గడువు ఇంకా నెలపైన ఉంది. పీహెచ్‌డీ ఉత్తరంలో అయితే ఏప్రిల్ 15 అని స్పష్టంగా రాసుంది. డబ్బు సాయంతో సీటిచ్చే విషయంలో అమెరికాలో చాలా యూనివర్సిటీలు కలిసి చేసుకున్న కట్టుబాటు అది. ఆ తేదీకి ముందే జవాబు చెప్పి తీరాలని విద్యార్థిని బలవంతం చేయకూడదు. రెండు రోజులన్న మాట ఏ కాగితంలోనూ లేదు.

కాగితాలు చూసుకోకపోతే ఎంత దూరం పోతుందో మన తెలుగువాళ్ళకి రెండుసార్లు తెలిసొచ్చింది. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మీద దాడులు జరిగాయి. అక్కడ చేరిన వెయ్యిన్నరకి పైగా విద్యార్థుల్లో అత్యధికులు మనవాళ్ళు, అందులోనూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాళ్ళు. రికార్డుల్లో సగానికి పైగా పిల్లలు ఒకే అపార్ట్‌మెంట్ అడ్రసులో ఉంటున్నట్టు రాసి ఉంది! కొంతమంది పిల్లల కాళ్ళకి జాడ తెలిపే రేడియో పట్టీలు తగిలించారు. ఆ సంస్థ పెట్టినావిడకి 2014లో 16 ఏళ్ళకి పైగా జైలుశిక్ష పడింది. సరే, బుద్ధొచ్చిందనుకున్నాం. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అన్నది బయటపడింది. దాన్ని నడిపింది అమెరికా ప్రభుత్వ అధికారులే. వీసా మోసాలు పట్టుకోవడానికి పన్నిన వల. మొదటి విడతలోనే 129 మంది భారతీయ విద్యార్థుల్ని అదుపులోకి తీసుకున్నారు. ఫీజులు మాత్రం నిజంగానే వసూలు చేశారు. ఇదేం న్యాయమని కోర్టుకెక్కిన విద్యార్థి దావా నడవొచ్చని 2024లో అక్కడి అప్పీలు కోర్టు చెప్పింది. ప్రభుత్వం తన జాబితాలోనే పేరుపెట్టి చూపించాక పిల్లలు నమ్మడంలో వింతేముంది అనేవాళ్ళున్నారు, ఆ మాటలో నిజముంది.

కానీ ఒక్కటి ఆలోచించండి. ఫార్మింగ్టన్‌లో క్లాసులు లేవు. పాఠం చెప్పే మేష్టారే లేరు. "ఇవాళ ఏ క్లాసయింది? ఎవరు చెప్పారు? ఏ గదిలో?" అని ఒకటో తరగతి పిల్లాణ్ణి అడిగినట్టు అడిగితే తేలిపోయే సంగతి. ఆ ప్రశ్నకి ఇంగ్లీషు అక్కర్లేదు. కానీ మనం ఫోన్లో అడిగేది "ఏం తిన్నావు, చలిగా ఉందా" అని మాత్రమే.

ఇక పెళ్ళి సంగతి. "ముందు మూడు ముళ్ళూ వేయించేద్దాం, అబ్బాయి అక్కడే కదా, వెళ్ళాక తనే చదివిస్తాడు" అనే మాట నేను ఎన్ని పెళ్ళిచూపుల్లో విన్నానో. చదివించే మంచి భర్తలు ఉన్నారు, కాదనను. కానీ కాగితం ఏం చెబుతుందో చూడండి. చదువుకునే అబ్బాయి భార్యగా వెళితే అమెరికాలో ఆమెది ఎఫ్-2 వీసా. దాని మీద ఉద్యోగం చేయకూడదు. 2015 నుంచి పార్ట్‌టైముగా ఒకటీ అరా కోర్సులు చదవనిచ్చారు గానీ, పూర్తి డిగ్రీ చదవాలంటే వీసా మార్చుకోవాల్సిందే. ఉద్యోగం చేసే అబ్బాయి భార్యకిచ్చే హెచ్-4 మీద చదువుకోవచ్చు, ఉద్యోగం మాత్రం కొందరికే, అదీ షరతుల మీద. ఏదైనా సరే, అతని వీసా ఉన్నంతవరకే ఆమె అక్కడ ఉండేది. ఇంగ్లండులో అయితే 2024 జనవరి నుంచి మామూలు మాస్టర్స్ చదివేవాళ్ళు భార్యాభర్తల్ని వెంట తెచ్చుకోవడమే ఆపేశారు. అమ్మాయి తన చదువు మీద, తన పేరుతో వచ్చిన వీసా మీద వెళ్ళడానికీ, ఒకరి వెనక పేరుగా వెళ్ళడానికీ ఉన్న తేడా ఇది.

మనకి చెప్పుకోవడానికి గొప్ప ఉదాహరణ యల్లాప్రగడ సుబ్బారావుగారు. భీమవరంలో పుట్టి, 1920లలో బోస్టన్ వెళ్ళి, హార్వర్డ్‌లో చదివి, ఆస్పత్రిలో రాత్రిపూట చాకిరీ చేసి ఫీజులు కట్టుకున్న మహానుభావుడు. ఆయన కనుక్కున్నవాటితో ఈనాటికీ ప్రాణాలు నిలుస్తున్నాయి. ఆ ప్రయాణానికి డబ్బు కూడదీయడంలో ఆయన మామగారి పాత్ర ఉంది. భార్య శేషగిరిగారు ఇక్కడే ఉండిపోయారు. ఆయన వెళ్ళాక పుట్టిన బిడ్డ పసితనంలోనే పోయాడు. 1948లో న్యూయార్క్‌లో కన్నుమూసేదాకా ఆయన తిరిగి రాలేదు. ఆయన గొప్పతనం తగ్గించడానికి చెప్పడం లేదు. విదేశీ చదువుకి అయిన ఖర్చు ఎవరెవరు కట్టారో రాసేటప్పుడు ఆవిడ పేరు కూడా రాసుకోవాలంటున్నాను. మరోపక్క, 1883లోనే ఆనందీబాయి జోషి పద్దెనిమిదేళ్ళ వయసులో, భర్తని ఇక్కడే ఉంచి, కలకత్తాలో ఓడెక్కి అమెరికాలో డాక్టరు చదువుకి వెళ్ళింది. 1892లో జేఎన్ టాటా విదేశీ చదువులకి రుణ స్కాలర్‌షిప్పులు మొదలుపెడితే తొలి విద్యార్థుల్లో ఫ్రేనీ కామా అనే డాక్టరమ్మ ఒకరు. నూట ముప్ఫై ఏళ్ళ కిందటి సంగతులివి. మనమింకా "ఒక్కత్తినీ ఎలా పంపుతాం?" దగ్గరే ఉన్నాం.

లోను, పెళ్ళి కలిసినచోట ఇంకో తమాషా ఉంది. అబ్బాయికి నలభై లక్షల చదువు అప్పుంటే అది పెళ్ళిలో తీరిపోతుంది, ఎలాగో నేను చెప్పక్కర్లేదు. కట్నం నేరమని 1961లోనే చట్టం వచ్చిందని కూడా చెప్పక్కర్లేదు. అదే అప్పు అమ్మాయికుంటే? "అమ్మాయి మీద లోనుందటగా, అది ఎవరు కడతారు?" అని మధ్యవర్తితో అడిగిస్తారు. తన జీతంలోంచి తనే కట్టుకుంటుందని చెబితే "జీతం అయితే మా ఇంటికి రావాలి కదండీ" అన్నవాళ్ళనీ విన్నాను. ఇక కన్నవాళ్ళు కొందరు "నీ చదువుకి పెట్టేశాం, ఆస్తిలో వాటా అడక్కు" అంటారు. తమ్ముడి చదువుకి పెట్టినప్పుడు ఆ మాట అనరు. మన రాష్ట్రంలో 1986లో, దేశమంతటా 2005లో కూతురికి సమాన హక్కు వచ్చిందన్నది పాఠ్యపుస్తకంలో చదివిన సంగతిగానే మిగిలిపోయింది.

డబ్బు లేనివాళ్ళకి దారులు లేవా అంటే ఉన్నాయి. కేంద్రప్రభుత్వ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్పు ఏటా 125 మందికి. ఎస్సీలు, సంచార జాతులు, భూమిలేని కూలీలు, చేతివృత్తులవాళ్ళ పిల్లలకి. అందులో 30 శాతం ఆడపిల్లలకే. తెలంగాణలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకి పూలే పేరుతో ఉన్న పథకం 20 లక్షల దాకా ఇస్తాయి. జర్మనీలో చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజే లేదు. కాకపోతే ఏడాది బతకడానికి సరిపడా డబ్బు ముందే అక్కడి ఖాతాలో వేసి చూపించాలి, 2024 నుంచి అది 11,904 యూరోలు. మన కాగితాలు ఏపీఎస్ అనే చోట తనిఖీ కూడా చేయించుకోవాలి. వీటన్నిటికీ గడువులుంటాయి, రూల్సు మారుతుంటాయి. 2025 మే నెలాఖరులో అమెరికా కొత్త వీసా ఇంటర్వ్యూలే కొన్ని వారాలు ఆపేసింది. ఆ తర్వాత పిల్లల సోషల్ మీడియా ఖాతాలు తెరిచి చూపించాలంది. అందుకని పోయినేడు పక్కింటివాళ్ళు చేసినట్టు చేస్తామంటే కుదరదు. యూనివర్సిటీ సొంత వెబ్‌సైటులో ఈ ఏడాది ఏముందో మన కళ్ళతో చూడాలి. ఫోన్లో సీరియల్ చూడగలిగితే ఇదీ చూడగలం.

మా అక్క కూతురు 2024 ఆగస్టులో ఆ పీహెచ్‌డీకే వెళ్ళింది. ఒప్పించడానికి నేనేమీ ఉపన్యాసం ఇవ్వలేదు. లోను కాగితం, స్టయిపెండు ఉత్తరం పక్కపక్కన పెట్టి అక్క చేతే చదివించాను. చదవడానికి రెండు గంటలు పట్టింది, మధ్యలో ఓసారి పాలు పొంగాయి. అంతా అయ్యాక కళ్ళజోడు తీసి, "ఈ ఉత్తరంలో ప్రొఫెసరు పేరుంది, జీతముంది, చదువుతూ చేసే పనికి వారానికి ఇన్ని గంటలని కూడా ఉంది. ఆ లోను కాగితంలో నా పేరూ, నా ఇల్లూ తప్ప ఇంకేం లేదేమే?" అంది. బావగారికి ఆ రాత్రి అదే మాట చెప్పింది.

పెద్దాడపడుచు ఇంకా అలక మీదే ఉన్నారు. అక్కకి ఆవిడతో వాదించే తీరిక లేదు. ఆదివారం పొద్దున్న ఏడున్నరకి అమ్మాయి ఫోను. మొదటి పది నిమిషాలూ తిండి, చలి, జుట్టు రాలడం. ఆ తర్వాత నీళ్ళ శాంపిల్స్, ప్రొఫెసరు ఏమన్నారు, విదేశీ విద్యార్థుల ఆఫీసులో కాగితాలు ఎంతవరకు వచ్చాయి. కనిగిరి నుంచి ఎవరైనా బంధువులు గుంటూరు వస్తుంటే ఊళ్ళో ఇప్పుడు తాగేనీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయో అక్క వాళ్ళనడిగి చిన్న పుస్తకంలో రాసిపెట్టుకుంటోంది, ఆదివారం అమ్మాయికి చెప్పడానికి.